నర్మెట్ట మందు

(మానుకోటలో ప్రకృతి వైద్యుడు శివప్రసాద్ గది. బల్లకు ఇవతల కేసముద్రం పసుపు వ్యాపారి రాజేశం, ఆయన కోడలు యమున.)

"కడుపు సాఫ్ గాక ఎన్నొద్దులాయె అమ్మా?"

"ఆరు..."

"ఆరొద్దులు సార్! మొన్న సోమారం సంది. నేను క్యాలెండర్ మీద గీతలు పెడ్తున్న."

"సేటూ, అమ్మను చెప్పనియ్యుండ్రి."

"చెప్పనియ్యక నేనేమన్న నోరు మూసిన్నా సార్? చెప్పు బిడ్డా, సిగ్గువడకు. డాక్టర్ కాడ, వకీల్ కాడ దాచొద్దు."

"ఆరొద్దులైంది సార్. కూసుంటె ఒకటే నొప్పి..."

"రక్తం సుత పడుతున్నది సార్. వరంగల్ల పెద్ద దవాఖానకు తీస్కపోయినం. మొలలన్నరు. నెల రోజులల్ల కడుపు సాఫ్ గాకుంటె కోసుడే అన్నరు. గా మాట ఇన్నకాన్నుంచి పిల్ల బువ్వ సక్కగ తింటలేదు."

"భయమైతున్నది సార్. మా పెద్దమ్మకు గట్లనే కోసిండ్రు. మూడు నెలలు బోర్ల పండుకున్నది. నాకు ఇద్దరు చిన్న పిల్లలు. ఆపరేషన్ వద్దు సార్, ఎట్లన్న చెయ్యుండ్రి."

"భయమెందుకమ్మా? నేనున్న కదా. ఇంగ్లీషు మందు కొమ్మలు నరుకుతది. మనం మూలం పట్టాలె. మూలం దొరికితె రోగం దానంతటదే మూట కట్టుకొని పోతది. ఇగో, ఈ గోడకున్న ఫోటో ఎవ్వలది?"

"మా మామయ్యది."

"ఇరవై ఏండ్ల మలబద్ధకం! నలభై ఒక్క రోజులల్ల సాఫ్. ఏం సేటూ?"

"సార్ చెయ్యి గసుంటిది బిడ్డా. ఇయ్యాల నా కడుపును చూసి గడియారం తిప్పుకోవచ్చు."

"సరే. అమ్మా, ఏం తింటున్నరు?"

"పొద్దుగాల రాగి జావ సార్. పగటికి జొన్నరొట్టె, తోటకూర. మాపటికి..."

"నానబెట్టిన మెంతులు, అవిసె గింజలు, జామపండు! మీరు నాకు రాసిందే సార్. ఇంటిల్లిపాదికి గదే. మా ఇంట్ల మైదా పిండి కనవడదు. పూరీ అన్న మాట ఇని రెండేండ్లాయె."

"శభాష్. నీళ్లు?"

"రాగి బిందెల నీళ్లు సార్."

"సేటూ, నేనడిగేది అమ్మను. అమ్మా, పొద్దున ఎన్ని గ్లాసులు తాగుతరు?"

"పొద్దుగాల తాగ సార్. తాగితె మల్ల... ఒక్క నిమిషం సార్, ఫోను. ఆ, అత్తమ్మా. ఇంగువనా? కింది అరల, పచ్చ మూత డబ్బ. లేదా? దాని ఎనుక చూడుండ్రి. దొరికిందా? ఆ, ఆ. ఏమంటున్న సార్ నేను?"

"నీళ్లు తాగనన్నరు. ఎందుకు?"

"తాగితె మల్ల..."

"బద్ధకం సార్! గీ కాలం పిల్లలకు నీళ్లు తాగెతందుకు సుత బద్ధకమే. తాగుతది లెండ్రి, నేను చెప్త. రాసుకోండ్రి, నాలుగు గ్లాసులు."

"రాసిన. ఇగ పొద్దున ఎన్నింటికి పోతరు?"

"గది నేను చెప్త సార్. మా ఇంట్ల అన్ని టైము ప్రకారం. అయిదింటికి నేను లేస్త. గోరెచ్చని నీళ్లు తాగుత, లోపలికి పోత. తొందర పడొద్దు, ప్రకృతి పిలిచేదాక నిమ్మళంగ కూసోమన్నరు కదా మీరు? ఆరున్నర దాక కూసుంట. పేపరంత అండ్లనే అయిపోతది."

"అద్భుతం. ఆ నిమ్మళమే మందు."

"నా ఎనుక మావోడు ప్రభాకర్ పోతడు. ఎండకాలంల వానికి సుత పట్టేసింది కదా, మీరే నా కోర్సే రాసిండ్రు. వాడు ఏడున్నర దాక. వాని ఎనుక మా ఇంటామె మనోరమ. దసరా ఎల్లినంక ఆమెకు సుత పట్టేసింది, ఆమెకు సుత మీదే కోర్సు. ఇగ పిల్లగాండ్లు. ఎనిమిదిన్నరకు బడి బస్సు."

"మరి అమ్మ?"

"ఎవ్వలు, యముననా? యమునకేంది సార్, ఎప్పుడన్న పోవచ్చు! మా ఇంట్ల కోడండ్లకు ఆంక్షల్లేవు."

"ఎప్పుడన్న అంటె, మామూలుగ ఎప్పుడమ్మా?"

"బస్సు పోయినంక సార్. తొమ్మిదింటికి. అప్పటికి ఆ పిలుపు గిలుపు ఏముండది. వచ్చినప్పుడు పోనీకి లేదు, పోయినప్పుడు రాదు."

"ఇంట్ల ఒక్కటే బాత్రూమా?"

"అయ్యో, ఒక్కటెట్లుంటది సార్? ముప్పై ఏండ్ల వ్యాపారం నాది. రెండున్నయి. ఒక దాంట్ల పసుపు కొమ్ములున్నయి."

"పసుపా?"

"పద్దెనిమిది బస్తాలు. మంచి సరుకు సార్. రేటు రానీ, తెల్లారి ఖాళీ చేస్త. మూడేండ్ల సంది చూస్తున్న, వస్తలేదు."

"మంచిదే. పసుపు ఇంట్ల ఉంటె క్రిములు రావు."

"అగో బిడ్డా, ఇన్నవా? నువ్వేమో పసుపు తీపియ్యి మామయ్యా, తీపియ్యి మామయ్యా అని పానం తింటివి."

"సేటూ, నాకొకటి అర్థమైతున్నది. మొదట మీరు, తర్వాత మీ కొడుకు, తర్వాత మీ ఇంటామె, ఇప్పుడు కోడలు. ఇది వంశపారంపర్యం."

"మా వంశం కోడలికెట్ల అంటుకుంటది సార్? ఆమెది నర్మెట్ట. మా మనోరమది గార్ల."

"అంటుకుంటది. ఒక్క గాలి, ఒక్క నీళ్లు, ఒక్క ఇంటి కప్పు."

"అదేం కాదు సార్. తొమ్మిదింటికి నేను లోపలికి పోతె..."

"పోతది సార్, పోదని నేనంటలేను. కాని మా పిల్ల బంగారం. మొన్న గిట్ల లోపలికి పోయింది, రెండు నిమిషాలు కాలే, హమాలీలొచ్చిండ్రు. చాయ్ పెట్టాలె. యమునా అని ఒక్క కేక ఏసిన, అంతే, ఉరికొచ్చింది! గసుంటి కోడలు కేసముద్రంల ఇంకొకలకు లేదు. అందుకే సార్, ఆమెను కోయనియ్య. ఎంత ఖర్చైనా మీ కాన్నే చూపిస్త."

"సేటూ, మీ ప్రేమ గొప్పది. మూలం దొరకాలె, అంతే. అమ్మా, పెండ్లికి ముందు ఈ బాధ ఉండెనా?"

"లేకుండె సార్. ఇప్పుడు సుత నర్మెట్టకు పోతె..."

"అగో, నేను గదే చెప్దామనుకుంటున్న! సార్, నర్మెట్టకు పోతె మాత్రం రెండో రోజుకే సాఫ్."

"రెండో రోజుకేనా? మందు లేకుంటనా?"

"గోలీ లేదు, పొడి లేదు! కేసముద్రం స్టేషన్ల దిగిందంటె మూడో రోజుకు మల్ల మామూలే. నాకు నిద్ర పడతలేదు సార్. నర్మెట్టల ఏమున్నది, మా కాడ ఏం లేదు?"

"నీళ్లు. నీళ్లే."

"నేను సుత గట్లనే అనుకున్న. అయిదు క్యాన్ల నర్మెట్ట బోరు నీళ్లు జనగామల రైలెక్కిచ్చి కేసముద్రంల దింపుకున్న. పదిహేనొద్దులు తాపినం. ఏం కాలే."

"అయితె బియ్యం."

"తెప్పిచ్చిన. వాళ్ల పొలంలయే. జొన్నలు సుత వాళ్లయే."

"మరి పెరుగు? సేటూ, అసలు కథంత పేగులల్ల ఉంటది. కోట్ల కోట్ల మంచి సూక్ష్మజీవులు. అవి పుట్టింటి పెరుగుతోనే పుడ్తయి. అత్తగారింటికి రాంగనే కొత్త పెరుగు నచ్చక అలుగుతయి."

"అలుగుతయా సార్? మా కోడలెన్నడు అలగలే, ఆమె పేగులెందుకు అలుగుతయి? అయినా గది సుత చేసిన. నర్మెట్ట నుంచి తోడు తెప్పిచ్చిన. టిఫిన్ డబ్బల, అరిటాకు సుట్టి, మావోడు ప్రభాకర్ రైల్ల ఒడిల పెట్టుకొని తెచ్చిండు. మొదటి రోజు తోడుకున్నది. కడుపు మాత్రం కదలలే."

"మరి బాత్రూం సీటు?"

"మేస్త్రిని నర్మెట్టకు తోలిన సార్! ఎత్తు, వెడల్పు, అన్ని కొలతలు పట్టుకొచ్చిండు. అచ్చం గసుంటిదే ఏసినం. నాకైతె మస్తు సుకంగున్నది. ఆమెకే పనిజేస్తలేదు."

"మామయ్యా, నేనొక మాట చెప్త. సీటు కాదు, నీళ్లు గాదు. మా అమ్మ..."

"అమ్మ! ఆగుండ్రి సేటూ. మీ వియ్యపురాలు ఏమన్న వైద్యం చేస్తదా?"

"సరళమ్మనా? ఏమో సార్. వాళ్ల తల్లికి మాత్రం ఏరులు, ఆకులు మస్తు తెలుసంటరు. కాన్పులు సుత చేసేదట."

"ఇగ చెప్పరేంది మరి! గదే మూలం. బిడ్డ ఇంటికి రాంగనే ఏదో కలిపి ఇస్తున్నది."

"నా కడుపుల మాట పట్టిండ్రు సార్! నాకు మొదటి సంది అనుమానమే. మొన్న ఫోన్ జేసి అడిగిన. వదినె, నా కోడలికి ఏం పెడ్తున్నవు అంటె, ఏం పెట్టను అన్నయ్యా, బిడ్డను బిడ్డ లెక్క చూసుకుంట అన్నది. చూసిండ్రా, ఎంత తెలివి? చెప్పలే!"

"చెప్పరు. ఇంటి మందు బయటికి చెప్తె పనిజెయ్యదని వాళ్ల నమ్మకం. సేటూ, ఆలోచించుండ్రి. గోలీ లేకుంట, పత్యం లేకుంట, రెండో రోజుకే సాఫ్. ఈ రాష్ట్రంల ఎంతమందికి ఈ బాధ ఉన్నది?"

"ఎంతమందికి సార్?"

"ఇద్దరు కూసుంటె ఒకలకున్నది."

"వామ్మో! సార్, పొడి గొట్టి పాకెట్లు చేద్దామా? నా కాడ మిల్లున్నది. మీ ఫోటో ఏద్దాం. పేరేం పెడ్దాం?"

"నర్మెట్ట చూర్ణం."

"చూర్ణమంటె పాతగున్నది. నర్మెట్ట గట్ హెల్త్! పసుపు సుత కలుపుదాం, నా పద్దెనిమిది బస్తాలు గండ్లనే పోతయి."

"సార్, నేనొచ్చింది నా నొప్పికి..."

"నీ నొప్పి గురించే మాట్లాడుతున్నం బిడ్డా! నీ పుణ్యాన వెయ్యి కడుపులు సాఫ్ అయితయి. చెప్పు, మీ అమ్మ ఏం కలుపుతది?"

"ఏం కలపది మామయ్యా. ఆమె... ఆగుండ్రి, మల్ల ఫోను. ఆ, అత్తమ్మా. పాలోడా? పొయ్యి పక్క గిన్నె పెట్టిన. మూత సుత అక్కడనే. చిన్నదేడుస్తున్నదా? దాని గౌను తీగ మీదున్నది, ఆరిందో లేదో చూడుండ్రి. వస్త, వస్త, గంటల వస్త. సార్, నేను జెల్ది పోవాలె, ఇంట్ల పరేషాన్ అయితున్నరు."

"ఎక్కడికి పోతవు బిడ్డా? అసలు మాట కాడికొచ్చి! గా ఫోను ఇటియ్యి. బందు పెడ్త. ఇల్లు కాలినా సరే, నీ మాట పూర్తి గావాలె."

"బందు పెట్టిండ్రా మామయ్యా?"

"పెట్టిన. ఇగో, నా జేబుల ఏసుకున్న. ఎవ్వలు పిలువరు నిన్ను. నిమ్మళంగ చెప్పు."

"మొదటి సారి మామయ్యా."

"ఏంది మొదటి సారి?"

"ఏం లేదు."

"అమ్మా, నేను కాయితం తీసిన. మీ అమ్మగారు ఏమిస్తరు? ఆకా, ఏరా, గింజలా?"

"ఏమియ్యది సార్. ఒట్టు."

"ఇయ్యకుంట ఎట్లయితది? ఏదో ఒకటి చేస్తది కదా!"

"చేస్తది."

"అగో! సార్, రాసుకోండ్రి! చేస్తదట!"

"రాస్తున్న. పొద్దున్నా, రాత్రా?"

"పొద్దుగాలనే సార్. నేను లేవంగనే."

"పరిగడుపున. చూసిండ్రా సేటూ, నేను చెప్పలే? రోజు చేస్తదా?"

"నేనున్నన్ని రోజులు చేస్తది."

"వదినె మహా గట్టిది! మా ముంగట ఒక్క ముక్క బయటపెట్టలే. బిడ్డా, నీకు దండం పెడ్త, దాచకు. నువ్వు ఆపరేషన్ తప్పిచ్చుకోవాల్నా వద్దా?"

"తప్పిచ్చుకోవాలె మామయ్యా. అందుకే చెప్తున్న. ఇన్నేండ్ల సంది చెప్దామంటె నోరొస్తలేదు."

"చెప్పమ్మా. ఏం చేస్తది?"

"నేను లోపలికి పోయి గొళ్లెం పెట్టుకోంగనే, మా అమ్మ తలుపు ముంగట పీటేసుకొని కూసుంటది సార్. మా బాపొచ్చినా, మా అన్నొచ్చినా, 'నా బిడ్డ లోపలున్నది, అది బయటికొచ్చేదాక ఎవ్వలు పిలువొద్దు' అంటది."