నీళ్ళ రుచి చూసే సరంగు

మీ తాత సంగతా? కూర్చో తల్లీ, ఆ తడి బల్ల మీద కాదు, ఇటు. లాంచీ ఎలాగూ ఆలస్యమే. ఆయన సరంగుగా నడిపిన రోజుల్లో లాంచీ కూత విని గడియారాలు సరిచేసుకునేవారు. మీ నాయనమ్మ నాకు అక్క కాబట్టి గొప్పలు పోతున్నాననుకోకు. ఆ లాంచీలోనే తాళ్ళు కట్టే పని నాది. అప్పటికి ఇద్దరు పిల్లల తండ్రిని. మన నీళ్ళ సంగతి నీకేం తెలుసులే, వంతెనల మీద బస్సులో వచ్చేదానివి. అటు సముద్రం, మధ్యన సన్నటి ఇసుకగట్టు, ఇటు సరస్సు. కొండల్లోంచి దిగే నదులన్నీ అందులోకే. దానిలోంచి కాలువలు, వాటిలోంచి పిల్లకాలువలు, చివరికి వంటింటి మెట్ల దాకా నీళ్ళే. ఎదురింట్లో కాస్త పంచదార అడగాలన్నా పడవ విప్పాలి. అలిగి పుట్టింటికి పోవాలన్నా ఆ మొగుడే తెడ్డు వెయ్యాలి, నవ్వుతావేం!

ఏం చెబుతున్నాను? ఆఁ, రుచి. సరస్సు నడుమ ఐదు కాలువలు కలిసే చోటుంది. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి దారులు కప్పేసేది. పైగా పొగమంచు. అప్పుడు మీ తాత వంగి దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసేవాడు. ఉప్పగా ఉంటే సముద్రం వైపు, తియ్యగా ఉంటే నది వైపు, రెండూ కాక చప్పగా తగిలితే మన ఊరి కాలువ. అలాంటివాడికి ఒకసారి జ్వరం వచ్చి నాలుక చచ్చిపోయింది. మా అక్క కూరలో రెండుసార్లు ఉప్పు వేస్తే, "ఇంకాస్త పెట్టు" అన్నాడట! అక్కకి అర్థమైపోయింది. "ఎవరికీ చెప్పకురా, ఉద్యోగం పోతుంది" అని బావ నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పటినుంచి రుచి చూసేది నేను. ఉప్పైతే ఒక దగ్గు, తీపైతే రెండు, చప్పనైతే మూడు. ఎనిమిది నెలలు దగ్గాను. ప్రయాణికులు "పాపం, క్షయేమో" అని దూరంగా కూర్చునేవారు. ఒకావిడైతే రోజూ అల్లం ముక్క తెచ్చిచ్చేది.

ఇంతలో వేరే లాంచీ ఒకటి దారి తప్పి ఇసుకమేట ఎక్కింది. సరంగులందరికీ పరీక్ష అన్నారు. మంచు పట్టిన పొద్దున ఆఫీసరు వచ్చి, అప్పటికే లాంచీ ఎక్కిన నన్ను "నువ్వు దిగు" అన్నాడు. గట్టు మీద నిలబడ్డాను. గంటకి తిరిగొచ్చారు. బావ దిగి, తన ఈల తీసి నా మెడలో వేశాడు. "నాకు రుచి తెలియదని చెప్పేశాను. రేపటినుంచి నువ్వే సరంగువి." ఒళ్ళు మండిపోయింది నాకు. "నేను దగ్గి దగ్గి చస్తుంటే, ఒక్క పూట ఓపిక పట్టలేకపోయావా బావా?" అని అరిచాను. "అల్లం ఆవిడకి శ్రమ తగ్గుతుంది కదరా" అని నవ్వాడు. తర్వాత పన్నెండేళ్ళు నా తాళ్ళు ఆయనే కట్టాడు. నలుగురిలో "సరంగుగారూ" అనే పిలిచేవాడు.

ఆయన పోయినప్పుడు ఆ ఆఫీసరు పలకరింపుకొచ్చాడు. అప్పుడు చెప్పాడమ్మా. ఆ పొద్దున మీ తాత చుక్క నీళ్ళైనా ముట్టకుండా, ఆ మంచులో, సరైన కాలువలోకే తిప్పాడట. పరీక్ష నెగ్గాడట. కాగితం మీద సంతకం పెట్టబోతుంటే ఆపి, "ఇవాళ అలవాటు మీద వచ్చానండీ, రేపు నిండా జనం ఉన్నప్పుడు తప్పుతానేమో. మా బావమరిది నాలుక మంచిది. కానీ నేనున్నంతకాలం వాడు ఈ చోటు అడగడు" అన్నాడట.

నిజమే తల్లీ. అడిగేవాణ్ణి కాదు.