రూతు సేపకి టీ నీళ్ళు

"నాయనమ్మా, ఈ ఫొటోలో రూతత్త పక్కనున్న గాజుపెట్టెలో నీళ్ళు అంత మురిగ్గా ఉన్నాయేటి?"

మురికి కాదే అమ్మా. టీ నీళ్ళవి. అవునే, పాలూ పంచదారా లేకుండా వట్టి టీపొడుం మరగబెట్టి, బాగా సల్లార్చి, సేప నీళ్ళల్లో కొంచెం కొంచెం కలిపీవోడు మీ తాత. బాదం ఆకులు దొరికితే అయ్యే ఏసీవోడు. రైల్వే క్వార్టర్ల కాడ రాలిన ఎండాకులు ఏరుకొచ్చీవోడు. ఆకు లేనప్పుడు టీ.

రూతు మీ నాన్నకి అప్ప, ఆడికంటే పెద్దది. మీ నాన్న అప్పటికి సంకలో పిల్లడు... కాదు కాదు, అడుగులేస్తన్నాడు. కంచరపాలెంలో పట్టాల ఎనకాల ఒక్క గదిల్లు మాది. మీ తాత పోర్టులో కలాసీ. ఇంటికొస్తే ఒళ్ళంతా ఇనపరాతి ఎర్రదుమ్మే. కడుక్కోడానికి నీళ్ళేవీ? కుళాయి రోజిడిసి రోజొచ్చీది. బిందె కోసం నానూ మా తోటికోడలూ జుట్లు పట్టుకున్నాం. తర్వాత ఆవిడే నాకు పురుడు పోసిందనుకో, అది ఏరే కత.

రూతుకి జొరాలొచ్చి కీళ్ళు వాసినాయి. తగ్గిపోనాదనుకున్నాం. అది గుండెకి పాకీసిందని తర్వాత తెలిసింది. నాలుగడుగులేస్తే ఆయాసం. బడి మానిపించీసినాం. ఆపరేషను సెయ్యాలంటే ఈ ఒళ్ళు తట్టుకోదు అనీసినారు డాక్టర్లు.

మంచం మీద ఒక్కర్తీ ఉంటాదని మీ తాత ద్వారకానగర్ షాపులోంచి ఫైటరు సేప తెచ్చినాడు. ఒకటే. రెండు మగయి ఉంటే కొట్టుకు సస్తాయంట. ఎర్రగా, పమిటకొంగులాటి తోక. తేట నీళ్ళు దీనికి పడవు, ఆకులూరిన వగరు నీళ్ళల్లోనే తోక కుళ్ళకుండా బతుకుతాదని షాపాయన సెప్పినాడట. వీధిలోవోళ్ళు నవ్వీవోరు, సేప టీ తాగుతాదా అని. రూతుకి నవ్వొచ్చీది కాదు. "దాని మందు అది" అనీది.

వానలు మొదలయ్యేసరికి పిల్లకి కాళ్ళు పొంగిపోనాయి. పడుకుంటే ఊపిరాడదు, గోడకానుకునే కూకునీది. కళ్ళు కూడా మసకేసినట్టున్నాయి మరి, ఒక మజ్జానం వాళ్ళ నాన్నని పిలిసింది.

"నాన్నా, సేప కనబడ్డం లేదు. తెల్ల నీళ్ళు పొయ్యవా?"

మీ తాత నా మొకం సూసినాడు. సేపకి పడదేమోనన్నాడు. నాకు కోపమొచ్చీసింది. "సస్తే సావనీ. పిల్ల అడిగింది, పొయ్యి" అన్నాను.

బిందెలో నిలవుంచిన నీళ్ళున్నాయి. వంటకని దాసుకున్నయి. అయ్యే పోసినాడు. గాజుపెట్టె తళతళలాడిపోయింది. పిల్ల మొకం దగ్గిరకెట్టి సూసింది. ఆ సేప ఏటయిందో, మూలకెళ్ళి తోక ముడుసుకుపోనాది. రంగు కూడా దిగిపోయింది. రూతు సాలాసేపు సూసి, "నాన్నా, అది బయపడతంది. దాని నీళ్ళు దానికి పోసీ" అంది.

"నీకు కనబడదు గదమ్మా" అన్నాడీయన.

"కనబడకపోయినా పర్లేదు. అందులో ఉందని నాకు తెలుసు గదా."

టీపొడుం మరగబెడతంటే మీ తాత సేతిలోంచి గిన్నె జారి సగం పొయ్యిలో పడింది. ఆ వారం దాటలేదు మా పిల్ల.

పాస్టరుగారొచ్చి ప్రార్థన సేసినారు. సమాధుల తోటలో మట్టిచ్చి ఇంటికొచ్చేసరికి జనం. ఈయన నేరుగా ఎళ్ళి పొయ్యి ముట్టించి టీపొడుం ఏసినాడు. వొచ్చినోళ్ళకి అనుకుని మా యప్ప గ్లాసులు కడిగి పెట్టింది. ఆయన సల్లారిందాకా దాని దగ్గిరే కూకుని, పట్టికెళ్ళి సేప నీళ్ళల్లో కలిపినాడు.

ఆ సేప తర్వాత కూడా సాన్నాళ్ళు బతికింది. దాన్ని సూస్తే నాకు ఒళ్ళు మండీది. పిల్ల పోయి ఇది బతకడమేటి? పారబోసీమని కూడా అన్నాను. మీ తాత ఎండాకులేరడానికి ఎళ్ళిపోనాడు. ఒకసారి ఆయనకి డూటీ మీద డూటీ పడి ఇంటికి రాలేదు. నీళ్ళు మార్సినాను, తెల్లగున్నాయి. ఇది మళ్ళీ అలాగే మూలకెళ్ళి ముడుసుకుంది. సూసినాను, సూసినాను... లేచి పొయ్యి మీద నీళ్ళెట్టినాను.

ఏటి సేస్తాను మరి, ఆ పిల్ల అడిగింది గదా.

నువ్వు సల్లగా ఉండు తల్లీ. గుండె గట్టిగా, ఒళ్ళు గట్టిగా... నూరేళ్ళు... ఆ ఫొటో ఇటియ్యి ఓసారి.