చీటీ లేని రికార్డు

ఏదీ, ఆ పత్రిక ఇటివ్వు తల్లీ. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో... నెత్తిమీదే ఉందా. నవ్వకు, ఈ వయసు నీకూ వస్తుంది. అయితే వారం వారం ఏ కొత్త రికార్డు వినాలో, మళ్ళీ వేసిన పాతవాటిలో ఏది కొనుక్కోవచ్చో రాసేది నువ్వేనన్నమాట. ఇంత పిల్లవి, ఊరందరి చెవులూ తెచ్చి నీ చేతిలో పెట్టారు. ఇదిగో, ఇక్కడుంది మా రికార్డు. నలభై రెండేళ్ళకి మళ్ళీ వేశారు, నువ్వు ఐదు చుక్కలకి నాలుగున్నర ఇచ్చావు. ఆ అరచుక్క ఎక్కడ కోశావమ్మా, డ్రమ్స్ దగ్గరేనా? అవి కొట్టింది నేనే. ఆఁ, తెలిసే వచ్చావులే. కింద ఇదేంటి... 'ఆ రోజుల్లో ఈ రికార్డు విలువ కనిపెట్టింది ఊరు మొత్తానికి ఒకే ఒక్కరు, రికార్డుల షాపు యజమాని. ఆయన చేత్తో రాసిన చీటీ ఫొటో అట్ట లోపల చూడవచ్చు.' చూశాను. అట్ట విప్పగానే అదే కనబడింది. ఇప్పుడు ఆయన గురించి నాలుగు ముక్కలు చెప్పమంటావు. కూర్చో మరి. ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు అలిగింది. ఇటు కూర్చో.

ఆయన మా అక్క మొగుడు. చెప్పుల షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న గది మాది, ఇద్దరు కొనేవాళ్ళు లోపలికొస్తే మూడోవాడు బయట నిలబడాల్సిందే. నేను కౌంటరు దగ్గర, ఆయన వెనకాల, గ్రామఫోను పక్కన. రాక్ తప్ప ఇంకోటి అమ్మడు. అందులోనూ కంపెనీల అండ లేకుండా నలుగురు కుర్రాళ్ళు కలిసి తమ పాట తామే రికార్డు వేసుకుంటారు చూడు, మీరు ఇండీ అంటారు, మా బావ 'సొంత వంట' అనేవాడు, అవంటే మరీ ప్రాణం. శుక్రవారం పెట్టె వచ్చేది. ప్రతి రికార్డూ మూడుసార్లు వినాలి, అదీ ఒక్క రోజులో కాదు. మొదటిసారి నిలబడి, రెండోసారి కూర్చుని, మూడోసారి దానికి వీపు పెట్టి అరలు తుడుచుకుంటూ. 'చెవికెవడైనా వినిపిస్తాడురా, వీపుకి వినబడాలి' అనేవాడు. నువ్వెన్నిసార్లు వింటావు? ...బస్సులోనా. సరేలే. మూడూ అయ్యాక నచ్చితే అరచెయ్యంత అట్టముక్క మీద రెండు మాటలు రాసి రికార్డుకి తగిలించేవాడు. 'గొంతు బాగోదు. నిజం చెబుతుంది.' అంతే. లేదా, 'ముందు రెండో వైపు వినండి. మొదటిది కంపెనీ కోసం చేశారు.' పాతవి మళ్ళీ వేస్తే, ఇంట్లో ఉన్న పాతదీ ఇదీ పక్కపక్కన పెట్టి వినేవాడు. 'పాతదాంట్లో పాడేవాడు ఊపిరి తీసుకోవడం వినబడేది. కొత్తదాంట్లో తుడిచేశారు. మీ దగ్గర పాతది ఉంటే ఇంటికెళ్ళి అదే వినండి.' అమ్ముకునేవాడు రాయాల్సిన మాటేనా అది? నచ్చనిదాన్ని తిట్టేవాడు కాదు. ఊరికే వదిలేసేవాడు. చీటీ లేదంటే లేనట్టే, ఆ రికార్డు కింది అరలో కాళ్ళకి తగులుతూ పడుండేది.

ఆ కింది అరలోనే మాదీ పడింది. పరుపుల గోడౌన్లో, చుట్టూ పరుపులు నిలబెట్టి, మూడు ఆదివారాలు కష్టపడి రికార్డు చేశాం. పాడింది, గిటారు వాయించింది దర్జీ. నిజంగానే దర్జీ, పాట మధ్యలో కూడా చొక్కా గుండీలు సరిచూసుకునేవాడు. అట్టలు మేమే అంటించుకున్నాం, బంక ఎక్కువై సగం రికార్డులు అట్టల్లోంచి బయటికే రాలేదు. తెచ్చి షాపులో పెట్టాను. మొదటి శుక్రవారం బావ నిలబడి విన్నాడు. 'ఊఁ' అన్నాడు. ఆ 'ఊఁ'కి అర్థం వెతుక్కుంటూ వారం బతికాను. రెండో శుక్రవారం ముట్టుకోలేదు. మూడోదీ అంతే. నాలుగోవారం కూర్చుని విన్నాడు, లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. చేతులెందుకు కడుక్కున్నాడా అని దర్జీ నన్ను పీక్కుతిన్నాడు. మా అక్క అన్నం వడ్డిస్తూ అడిగింది: 'ముక్కూ మొహం తెలీనివాళ్ళకి రాస్తారు, నా తమ్ముడికి రెండు ముక్కలు రాస్తే మీ కలం అరిగిపోతుందా?' ఆయన తలెత్తలేదు. 'కూరలో ఉప్పు సరిపోయింది' అన్నాడు. పెళ్ళయ్యాక మా అక్క వంటని మెచ్చుకోవడం అదే మొదలూ, అదే ఆఖరూ అనుకుంటా.

ఐదో వారం, ఆరో వారం. దర్జీ మా షాపు ముందు నుంచి వెళ్తూ లోపలికి చూడటం కూడా మానేశాడు. ఆరేళ్ళుగా ఆ షాపులో అరల మీది పేర్ల పట్టీలన్నీ ఆయన అక్షరం చూసి రాసేది నేనే కదా, బావ అక్షరం నా చేతికి బాగా అలవాటు. ఆయన 'ర' చివర తోక కాస్త పైకి తిప్పుతాడు, అది కూడా వచ్చు. ఒకరోజు ఆయన భోజనానికెళ్ళినప్పుడు రాశాను. 'ఇంటి కుర్రాళ్ళు. అయినా చెబుతున్నా, అద్భుతం.' రికార్డు తీసుకెళ్ళి పై అరలో, కళ్ళకెదురుగా పెట్టాను. అలా చూడకు తల్లీ. అవును, నీ పత్రికలో ఉన్నది, అట్టలో ఫొటో వేసింది, అదే చీటీ. మా బావది కాదు. నాది.

అమ్ముడుపోయాయి. ఎందుకుపోవు, బావ మాట మీద రాళ్ళు కూడా కొనేవాళ్ళు. బావ అరలు తుడుస్తూ పదిసార్లు దాని ముందు నుంచి వెళ్ళాడు, ఒక్క మాట అనలేదు. చూడలేదేమో అనుకున్నాను. గుడ్డివాణ్ణి నేను. తర్వాతి శనివారం లెక్కల మాష్టారు వచ్చాడు, మాకు మొదటినుంచీ ఉన్న ఖాతాదారు. మా రికార్డు కౌంటరు మీద పెట్టి, 'ఏమండీ, పద్నాలుగేళ్ళుగా మీ చీటీలు చదువుతున్నాను. అద్భుతం అనే మాట ఎప్పుడూ వాడలేదు. వాడారంటే ఏదో ఉందని రాత్రీ పగలూ విన్నాను. ఎక్కడుందో కాస్త చూపిస్తారా?' అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు, అర్థంకాని లెక్క అడిగినట్టు. బావ పై అరలోని ఆ చీటీ చేతిలోకి తీసుకుని చదివాడు. మొదటిసారి చదువుతున్నట్టు నెమ్మదిగా చదివి, 'రాసింది నేనేనండీ. నాకలా వినబడింది' అన్నాడు. మాష్టారు తలూపాడు. ఆ రోజే ఇంకో రికార్డు కొన్నాడు. కానీ దానికున్న చీటీ వైపు చూడలేదు. అది నేను చూశాను, బావ కూడా చూశాడు. నలుగురిలో నన్ను తిట్టి ఉంటే ఒక పూట ఏడ్చి ఊరుకునేవాణ్ణి. తన నోటితో తనే అబద్ధమాడేశాడు, నా కోసం. ఇక దాన్ని నేనేం చేసుకోను?

ఆ తర్వాతి శుక్రవారం నుంచి బావ చీటీలు రాయలేదు. పెట్టె వచ్చేది, విప్పేవాడు, వినేవాడు, అరలో పెట్టేవాడు. 'ఏది బాగుందండీ' అని ఎవరైనా అడిగితే 'మీరే వినండి' అనేవాడు. ఇంకో నాలుగేళ్ళు నడిపి ఆ గది మందుల షాపువాడికే ఇచ్చేశాడు. మా అక్కకి ఆఖరి వరకూ తెలీదు, వ్యాపారం తగ్గి నీరసించాడనుకుంది. నేను చెప్పానా? చెప్పలేదు. ఆయన మంచాన పడ్డాక, ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అడిగాను. క్షమించమని కాదు, అంత మంచివాణ్ణి కాను. 'మా రికార్డు అంత చెత్తగా ఉందా బావా' అని అడిగాను. చూడు నా బుద్ధి. ఆయన 'ఇంటివాళ్ళది కదరా, తియ్యగా వినబడుతుంది. కాస్త ఆరనిద్దామని మధ్యలో వారాలు వదిలాను. రెండుసార్లు విన్నాను, బాగానే ఉంది. మూడోసారి ఆ శుక్రవారం విందామనుకున్నా. ఈలోపు పైన చీటీ కనబడింది. చీటీ పెట్టాక నేను మళ్ళీ విననని నీకు తెలుసు కదా' అన్నాడు. తెలుసు. మనసు మారితే చీటీ అబద్ధమవుతుందని వినడు. 'ఇప్పుడు విను, తెస్తాను' అన్నాను. 'వద్దురా, వీపు నొప్పి' అన్నాడు. నవ్వాడో మూలిగాడో తెలీలేదు. ఆ నెలలోనే పోయాడు.

అందుకని, వచ్చే వారం నీ పత్రికలో దిద్దెయ్యి. ఏం? ...జనం కొనేశారా. చీటీ సంగతి చదివే చాలామంది కొన్నారా. చీటీ ఎవరిదైతేనేం, రికార్డు బాగుంది కదా అంటావా. ఇప్పుడెవరికి తెలుస్తుందంటావు. ఆ మాట నేనూ అనుకున్నాను తల్లీ, ఆయన భోజనానికెళ్ళినప్పుడు. రాసుకో. చీటీ రాసింది డ్రమ్స్ వాడు. షాపాయన ఆ రికార్డుకి ఏమీ రాయలేదు. నా పేరు కూడా వెయ్యి, పరవాలేదు. ఊఁ, రాసుకో... కలం చేతిలోనే ఉందిగా, కదలదేం.

సరే. మంచినీళ్ళు తాగుతావా?