తినకుండా రావలెను

స్కానింగు గది. బల్ల మీద పెద్ద డాక్టరు వెల్లకిలా పడుకున్నాడు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న చిన్న డాక్టరు పొట్ట మీద తిప్పే ప్రోబు పట్టుకుని పక్కన కూచుంది.

“ఆ మానిటరు కొంచెం ఇటు తిప్పమ్మా.”

“తిప్పను సార్.”

“కొంచెం. ఒక్క కన్నుకి కనబడితే చాలు.”

“పేషెంటుకి మానిటరు చూపించకూడదని రూలు పెట్టిందెవరు?”

“నేనే. కానీ అది పేషెంట్లకి.”

“మీరిప్పుడు ఎవరు సార్? పొద్దున్నే వచ్చి, మాటా పలుకూ లేకుండా చొక్కా ఎత్తి బల్లెక్కారు. పైగా పొట్ట లోపలికి లాక్కుంటున్నారు. వదిలెయ్యండి, ఎలాగూ చూసేశాను.”

“అది పొట్ట కాదమ్మా, ఇరవై రెండేళ్ళు కుర్చీలో కూచున్న అనుభవం. అబ్బ, జెల్లు ఇంత చల్లగా ఉంటుందా?”

“ఉంటుంది.”

“ముందు చెప్పాలి కదా.”

“చెప్తే ముందే బిగుసుకుపోతారు, చెప్పకుండా పూసెయ్యమని మీరే అన్నారు.”

“ఎంత దుర్మార్గుణ్ణమ్మా నేను.”

“ఊపిరి తీసుకోండి. ఆపండి... వదలండి. అసలేమైంది సార్? రెండు వారాలుగా మీరు మనిషిలా లేరు. మొన్న ఆయా టీ తెస్తే రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నారట. ఆవిడ భయపడి సెలవు పెట్టింది.”

“చెప్తాను. నవ్వకూడదు. ఏడవనూ కూడదు.”

“చెప్పండి.”

“ఆమధ్య మిషను రిపేరు చేసి వెళ్ళారు కదా. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామనుకున్నాను. గదిలో ఎవరూ లేరు. ఉన్నది నా పొట్టొక్కటే. ప్రోబు పెట్టుకున్నాను.”

“మీకు మీరే?”

“నాకు నేనే. ఎడమ పక్కన, పక్కటెముకల కింద కనబడింది. గడ్డ. పిడికిలంత. కొలిచాను కూడా. ఏడు సెంటీమీటర్లు.”

“...”

“అదిగో, మాట్లాడ్డం మానేశావు.”

“మాట్లాడకపోతే మంచిదే కదా సార్. మీ పాఠమే.”

“అవును కదూ. ఏమీ లేకపోతే నోరు మూసుకుని చూడు, ఏదైనా కనబడితే మాత్రం పిల్లల చదువులు అడుగు అని.”

“పిల్లల మాట ఎత్తితే పేషెంటు మన మొహం చూడ్డం మానేస్తాడు, పొట్ట వదులవుతుంది, ఈలోగా కొలతలు తీసేసుకోవచ్చు అని. ఆరేళ్ళయినా మర్చిపోలేదు.”

“సరే, నువ్వు నోరు మూసుకునే ఉండు. నేను మాట్లాడతాను.”

“ఇంట్లో చెప్పారా?”

“ఆ రోజే చెప్పేశాను. ఊరందరి పొట్టల్లో రహస్యాలూ దాచినవాణ్ణి, సొంతది ఒక్కపూట దాచలేకపోయాను. మా ఆవిడ ఏడ్చింది. ఆ ఏడుపు చూసి పాపభీతి పట్టుకుంది నాకు. పొద్దున్నే నడకకని చెప్పి నాలుగేళ్ళుగా పార్కు బెంచీ మీద నిద్రపోతున్నానని కూడా ఒప్పేసుకున్నాను.”

“మేడం ఏమన్నారు?”

“పోనీలెండి, నిద్రయినా పట్టింది కదా అంది. మామూలుగా అయితే అనే మాటేనా అది? మా బావమరిది, ఎనిమిదేళ్ళుగా నా మొహం చూడనివాడు, వచ్చి మంచం పక్కన కూచుని తప్పు నాదే బావా అన్నాడు. నిజానికి తప్పు నాది. పోయేవాడితో వాదనెందుకని ఒప్పుకున్నాడు పాపం.”

“నాకెందుకు చెప్పలేదు? పక్క గదిలోనే ఉంటాను కదా.”

“భయమమ్మా. నేను చూసింది తప్పయి ఉండొచ్చు. నువ్వు కూడా చూస్తే ఇక అది నిజమే.”

“ఒకటి అడుగుతాను. మీరు స్కాన్ చేసుకుంది ఎన్నింటికి?”

“రెండింటికి. పేషెంట్లు లేని టైము అదే కదా.”

“భోజనం?”

“అయ్యాకే. డబ్బా మొత్తం ఖాళీ చేసి, చేతులు కడుక్కుని వచ్చి...”

“బయట గోడ మీద బోర్డులో ఏం రాయించారు సార్?”

“వద్దమ్మా.”

“చెప్పండి.”

“ఆరు గంటలు ఏమీ తినకుండా రావలెను.”

“ఎర్ర అక్షరాలతో.”

“కింద గీత కూడా గీయించాను. ఆమధ్య ఒక పెద్దాయన దారిలో ఒక్క బిస్కట్టు తిన్నానంటే కేకలేసి వెనక్కి పంపాను. తిన్న తిండి గడ్డలా కనబడుతుంది, నేను నీకు లేని రోగం రాయాలా అని.”

“మీ ఏడు సెంటీమీటర్లూ మీ మధ్యాహ్న భోజనం సార్. ఇవాళ ఖాళీ కడుపుతో వచ్చారు, ఆ చోట ఏమీ లేదు. కడుపు ముడుచుకుని బుద్ధిగా ఉంది.”

“సరిగ్గా చూశావా?”

“నాలుగు వైపుల నుంచీ చూశాను. ఏడుస్తున్నారా?”

“లేదమ్మా, జెల్లు.”

“జెల్లు కళ్ళలోకెలా వస్తుంది సార్?”

“గురివింద గింజ సామెత నా కోసమే పుట్టింది. అది సరే, ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చెప్పను? గడ్డ కాదు, ఆ రోజు నువ్వు కట్టిచ్చిన డబ్బాయే అనా? బావమరిది ఇంకో ఎనిమిదేళ్ళు మాట్లాడడు. మా ఆవిడ పార్కు బెంచీ సంగతి మొదట్నించీ ఎత్తుకుంటుంది.”

“ఎత్తుకోనివ్వండి. తిట్లు తినడానికి మీరున్నారు కదా, అది చాలు.”

“అలా కాదు, ఏదో ఒకటి చూడమ్మా. చిన్న రాయి. పోనీ ఇసుక. పదిమందిలో మర్యాదగా చెప్పుకోడానికి పనికొచ్చేది.”

“అబద్ధం రాయను.”

“రాయొద్దు, వెతుకు. ఇంత పొట్టలో ఒక్కటీ దొరకదా?”

“సరే, కుడిపక్కకి తిరగండి. ఎడమ కిడ్నీ ఎలాగూ మిగిలింది. ఊపిరి తీసుకుని ఆపండి.”

“ఊఁ.”

“వదలండి. ఇంకోసారి.”

“రాయుందా?”

“...”

“లేదన్నమాట. నా దరిద్రం, రాయికి కూడా నోచుకోలేదు. పోనీలే, నేనే వెళ్ళి ఒప్పుకుంటాను. అందరూ కలిసి నవ్వుతారు, అంతే కదా. నవ్వనీ.”

“సార్.”

“చెప్పమ్మా.”

“మీ అబ్బాయి ఏం చదువుతున్నాడు?”

“వాడి చదువెప్పుడో అయిపోయింది కదా, ఉద్యోగంలో చేరిన రోజు నువ్వే వచ్చి... ఎంతుంది?”

“ఒకటిన్నర సెంటీమీటరు గడ్డ. కిడ్నీ అంచునే ఉంది. చాలా తొందరగా దొరికింది సార్, తీసేస్తే సరిపోవచ్చు. లేకపోతే ఇంకో నాలుగేళ్ళకి గానీ మీరు ఈ బల్ల ఎక్కేవారు కాదు.”

“అంటే నేనారోజు తినకుండా చూసుకునుంటే...”

“ఆ తిండి గడ్డా కనబడేది కాదు, మీరూ వచ్చేవారు కాదు.”

“సరే. కొలతలు జాగ్రత్తగా తీసుకో, నేను కదలను. అయ్యాక ఆ బిస్కట్టు పెద్దాయనకి ఫోన్ చెయ్యమ్మా. తినొచ్చినా సరే, రమ్మను.”