ఉత్తరానికి ఇరవై

కుట్టాల్సిన చొక్కా పక్కన పడేసి, ఆవిడ కుట్టుమిషన్ మీదే కాగితం పెట్టుకుని రాస్తోంది. సైన్యంలో శిక్షణకు వెళ్లిన కూతురి ఉత్తరం పట్టుకుని భర్త కొట్లోకి వచ్చాడు.

“రాసింది చాలు, ఆపు. నీ ఒక్కో ఉత్తరానికీ దానిచేత ఇరవై పుషప్‌లు తీయిస్తున్నారట, అందరి ముందూ.”

“ఎవరు?”

“ఆ డ్రిల్లు మేష్టారు. ఫోన్లు మొదటిరోజే లాగేసుకున్నారు. ఇంటి నుంచి ఉత్తరం వస్తే ఇరవై తీశాకే చేతికిస్తాడట. నువ్వేమో రోజుకొకటి పంపిస్తున్నావు.”

“రేపూ పంపిస్తా. దాన్ని కన్నది నేనా, ఆయనా?”

“నీ మొండితనానికి దాని చేతులు పడిపోతున్నాయే.”

“ఆపమని పిల్ల రాసిందా?”

“అక్కడిదాకా చదవలేదు. పై నాలుగు లైన్లు చూసి పరిగెత్తుకొచ్చా.”

“బాగుంది. మిగతాది చదవండి, నేనూ వింటా.”

“సరే, విను. ‘అమ్మ పుణ్యమా అని నిన్నటి పరీక్షలో మా బ్యాచ్ మొత్తంలో నేనే ఎక్కువ పుషప్‌లు తీశాను. ఆపొద్దని చెప్పు. అమ్మవి పద్నాలుగు వచ్చాయి. నీది ఒక్కటీ రాలేదు నాన్నా. దానికి నలభై తీయమన్నా తీస్తాను.’”

“ఆగిపోయారేం?”

“అయిపోయింది. ఆ పెన్ను ఇటివ్వు.”

“నాది సగంలో ఉందండీ.”

“నీవి పద్నాలుగు వెళ్లాయిగా. కాస్త జరుగు. లెక్కపెట్టలేక ఆ మేష్టారే అలిసిపోవాలి.”