పిచ్చమ్మక్క పతంగి

ఏందే మానసా, అప్పుడే దిగుతున్నవ్? దారం తెగిందా? తెగలే గదా, మరేంది? ఆ పక్క బిల్డింగు మీది పోరగాండ్లు నవ్విన్రా? నవ్వనియ్యే, వాండ్ల పండ్లు వాండ్లయి. కూసో గీడ, జర నీడకు జరుగు. ఇందాకటిసంది సూస్తున్న, ఈ కొసకెల్లి ఆ కొసదాక ఉరుకుతున్నవ్, పతంగేమో నీ ఎనక నేల మీద ఈడ్సుకుంట వస్తున్నది. ఉరికితే లేస్తదని ఎవరు సెప్పిన్రు నీకు? ఫోన్ల సూసినవా? ఆఁ, ఫోన్ల గాలి ఉంటదా ఏంది.

పిచ్చమ్మక్క ఉంటే నీకు తిట్టుకుంట నేర్పేది. మీ నాయనకు పెద్దమ్మ, నాకు తోటికోడలు. నీకు యాదుందో లేదో, ఆమె పోయి గూడ పన్నెండేండ్లాయె. సూర్యాపేటకు మనం మొన్నమొన్న వచ్చినం గని, అప్పుడంత మిర్యాలగూడెంలనే. రైసు మిల్లుల ఇద్దరం కూలికి పోయేటోళ్లం, ఉడికిన వడ్లు ఆరబోసుడు. గీ దాబా అసొంటియి ఇరవై పడతయ్ ఆ గచ్చు మీద. పొద్దంత కాళ్లతోటి వడ్లు తిరగేసుకుంట నడువాలె. కిందికెల్లి సెగ, మీదికెల్లి ఎండ. నా మడిమెలు సూడు, గిప్పటికీ పగుళ్లే. మీ అమ్మ ఏదో క్రీం తెచ్చింది, దానికి వాసనే గని గుణం లేదు. ఆఁ, ఏడున్న? పిచ్చమ్మక్క.

మా బావ, ఆమె పెనిమిటి, పసిరికలై కండ్లు, ఒళ్లు పచ్చవడి పోయిండు. ఆయన పోయినకాడికెల్లి ఆమె తల కిందికే. ఎదురొస్తే ఒకరు పక్కకు జరుగుతరు, ఇంకొకరు మొఖం తిప్పుకుంటరు, ఆమె గోడవారకు నడుసుడు నేర్సింది. గసొంటి మనిషి ముందల ఒకనాడు, ఎవరిదో తెగిన పతంగి వచ్చి మా వడ్ల మీద పడ్డది. సుట్టూ పెద్ద గోడాయె, తీసుకపోనీకి ఎవ్వరు రాలే. ఈమె తీసి కొంగుకింద దాసుకున్నది. ఏం జేస్తవక్కా అంటే, ఎగరేస్త అన్నది. నేను పకపక నవ్విన. గా పోరగాండ్ల లెక్కనే నవ్విన, దాసుడెందుకు.

తెల్లారి బువ్వ తినే యాళ మొదలుపెట్టింది. ఏం తెల్సు ఆమెకు? బస్తాలు కుట్టే సుతిలి కట్టింది. గంత మోటు దారం బరువుకు పతంగి లేస్తదా? నెత్తి గుద్దుకొని పడ్డది. తర్వాత మిషిను దారం కట్టి, నీ లెక్కనే ఉరికింది. వడ్ల మీద జారి బోర్ల పడ్డది గూడ. ఆడోళ్లందరు బువ్వ ముద్ద నోట్లె పెట్టుకొనే నవ్వుడు. మూడో నాడు ఉరుకుడు బంజేసి నిలబడ్డది. "సైదమ్మా, తూర్పారబట్టేటప్పుడు సేటెత్తుకొని ఉరుకుతమానే? గాలి వచ్చేదాక ఆగుతం గదా" అన్నది. పిడికెడు ఊక ఇసిరింది. గాలి ఎటు పోతున్నదో సూసి, దానికి ఈపు పెట్టి నిలబడ్డది. లేసింది బిడ్డా, మనిషి ఎత్తు, గోడ ఎత్తు. లేసి బొంగరం లెక్క తిరుగుతుంటే, పాత చీర అంచు సింపి తోక కట్టింది. ఇగ మిల్లు పొగగొట్టం దాటింది.

అప్పుడు వచ్చిండు గుమాస్తా. కోదాడ దిక్కోడు, మాట జర ఆంధ్ర తీరు. "ఏవమ్మా పిచ్చమ్మా, మొగుడు పోయి ఏడాది తిరిగిందో లేదో, గాలిపటాలు ఎగరేస్తున్నావా? నలుగురూ చూస్తే మిల్లు పరువేం కాను?" దారం గుంజి, పతంగి దించి, పర్రున సింపిండు. "మళ్లీ కనబడితే పనిలోకి రావద్దు" అన్నడు. ఆమె ముక్కలు ఏరుకున్నది. ఇగ ఖతం అనుకున్నం మేమంత. ఇంటికాడ సూస్తే ఏముంది, పాత పేపరు, చీపురు పుల్లలు, అన్నం మెతుకులు ముందలేసుకొని కూసున్నది. ఎందుకక్కా నీకీ మొండితనం, పని పోతే ఏం తింటవ్ అన్న. అప్పుడు తలెత్తింది నా దిక్కు. "ఏడాదిసంది కిందికి సూసి సూసి మెడలు పడిపోయినయే. ఇది ఎగిరితే తలెత్తాలె గదా. గా ఒక్క గంట నన్ను తలెత్తనియ్యున్రి."

మర్నాడు బువ్వ గంట. ఇరవై మంది ఆడోళ్లం వరుసగ కూసున్నం. పేపరు పతంగి పట్టుకొచ్చి నా ముందల నిలబడ్డది. "సైదమ్మా, జర ఆ కొసకు పట్టుకొని నిలబడే. నేను సెప్పినప్పుడు ఇడువు, అంతే." నేను టిపిని గిన్నెలకు తల దించుకున్న. పని పోతదని భయం. మీ నాయన సంకల పిల్లగాడు. అయినా తప్పు తప్పే. ఆమె ఒక్కతే పోయి పతంగిని వడ్ల కుప్పకు ఆనిచ్చి, నలభై అడుగులు అటు నడిసి, దారం పట్టుకొని నిలబడ్డది. గాలి లేదు. గుమాస్తా గది తలుపు తీసుకొని వస్తున్నడు. ఉరుకక్కా అని నా పానం కొట్టుకుంటున్నది. ఆమె ఉరకలే. గాలి వచ్చింది, రెండు గుంజులు గుంజింది, కుప్ప మీదికెల్లి ఒక్కతీరుగ లేసింది పతంగి. "చెప్తే అర్థం కాదా" అని ఆయన అరుస్తున్నడు. ఈమె తల దించకుంటనే, "వడ్లు మీయి సారూ. బువ్వ గంట నాది. గాలి ఎవలదో నువ్వే సెప్పు" అన్నది. గంట కొట్టేదాక ఎగరేసింది. తర్వాత నిమ్మలంగ దారం సుట్టుకొని, గేటు దాటి పోయింది.

పని పోయింది, పోకేమైతది. పాలకీడు దిక్కు నాట్లకు పోయింది, కలుపుకు పోయింది. గాడ గూడ పొలంగట్టు మీద ఎగరేసేదట. మళ్ల గోడవారకు నడవలే, నడిబజార్ల నడిసింది. ఆమె ఆఖరు దినాలల్ల దవాఖానకు నేను పోయి, ఆనాడు నేను పట్టుకోలే గదక్కా అని ఏడ్సిన. నవ్వింది ముసల్ది. "నువ్వు పట్టుకుంటే మాత్రం యాడ ఇడిసేదానివే, భయానికి గట్టిగ పట్టుకొనే ఉందువు" అన్నది.

...

లే. లేవే, తే ఆ పతంగి ఇటు. మీ అమ్మ కిందికెల్లి పిలుస్తున్నది, పిలువనియ్యి. పోరగాండ్లు సూస్తున్నరా? సూడనియ్యి. నేను గీ కొసకు పట్టుకొని నిలబడ్త, నువ్వు అటు పో. ఉరకకు. ఈపు గాలికి పెట్టు. నువ్వు సెప్పు, ఇడుస్త.