దివాకర్ కొన్న బటన్ చాకు

ముదిగుబ్బ బస్టాండు పక్కన, వెంకటలక్ష్మమ్మ టీ అంగట్లో దివాకర్ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు.

"నవ్వద్దండప్పా, నాకు ఒళ్లు మండుతాండాది! ఆన్‌లైన్‌లో అందరూ దొంగనాయాండ్లే. మొదటిసారి పాతకాలం బటన్ చాకని దుడ్లు కడితే ప్లాస్టిక్ దువ్వెన పంపినారు. నా బోడినెత్తికి దువ్వెనా? అందుకే రెండోసారి కండ్లల్లో వత్తులేసుకుని కొన్నా. ఫోటో నమ్మలే. బటన్ నొక్కి వీడియో తీయమన్నా. పక్కన స్కేలు పెట్టి చూపీమన్నా. తుప్పు యాడుండాది, స్ప్రింగు మార్చినారా, అన్నీ అడిగినా. చాకు చేతికొచ్చినాకే దుడ్లన్నా. అమ్మేటోడు ఏడ్చినాడు!"

"వచ్చిందా మరి?" అన్నాడు గొర్రెల వ్యాపారి జయరామయ్య.

"రాకేం! పార్శిలాయన ముందరే బటన్ నొక్కినా. ఏమైందో తెలుసునా? టప్పుమని లేచి ఆయన మీసం ఒకపక్క గొరిగేసింది! ఇంకోసారి నొక్కితే ఆ గాలికే రాప్తాడు కాడ కరెంటు తీగ తెగింది. లైన్‌మెన్ నా మీదికే కొట్లాటకొచ్చినాడు, వాని దుంపతెగ! మూడోసారి ఆకాశానికి పట్టి నొక్కినా. మబ్బు కడుపు చీలి వాన కుమ్మరిచ్చింది."

"మా శెనక్కాయ చేన్లో చుక్క పడలేదే?" అన్నాడు జయరామయ్య.

"నీ మొగానికి పడతాదా! ఇది మామూలు చాకనుకున్నావా? పిడి మీద ఈ రెండు గాట్లు, కింద నెలవంక చూడు. పాళెగాని ముద్ర! దీంతో ఆయన ఏనుగుల దండునే నరికినాడు. నన్ను మోసం చేసేటోడు ఇంకా పుట్టలేదప్పా!"

వెంకటలక్ష్మమ్మ టీ గిన్నె దించి, చెయ్యి తుడుచుకుని చాకు అందుకుంది. పిడి మీద వేలితో తడిమింది. ఆమె మొహం ఎర్రబడింది.

"పాళెగాడు కాదు, నీ తలకాయ! ఇది మీ మంద గుర్తురా. పక్క మందలో కలిసిపోకుండా మీ నాయన ప్రతి గొర్రెపిల్ల చెవికీ ఇట్లనే కోసేటోడు, ఈ చాకుతోనే."

"అబద్ధం!" అని అరిచాడు దివాకర్.

జయరామయ్య లేచి, బయట కట్టేసిన గొర్రె చెవి పట్టుకుని చూపించాడు. పోయినేడు దివాకర్ దగ్గర కొన్న మందలోదే అది. రెండు గాట్లు, కింద నెలవంక.

దివాకర్ గొర్రె చెవినీ, ఆమె చేతిలోని చాకునూ మార్చి మార్చి చూశాడు.

వెంకటలక్ష్మమ్మ చాకు అతని ముందు పెట్టింది. "నాయన కాలం చేసిన నెలకే, ఈ చాకుండే ఆయన పెట్టెను ఈడ, నా అంగడి ముందరే, పాతసామాన్లు కొనేటోనికి ఏసినావు. మొగం తెలీనోణ్ణి అన్నీ అడిగినావు గదరా. నాయన పెట్టె మాత్రం తెరిచి చూడకనే పారేస్తివి."